అర అంగుళం

డిపో నుంచి పార్సిల్ మంగళవారం వచ్చింది. అందులో మూడు ప్యాంట్లు, మూడు చొక్కాలు, ఒక కాగితం ఉన్నాయి. ఈ ఏడు నుంచి డ్రైవర్లకు యూనిఫాం గుడ్డ ఇవ్వడం మానేశామనీ, రెడీమేడ్ ఇస్తున్నామనీ, ఎవరు నింపిన ఫారం ప్రకారం వాళ్ళకి సైజు పంపామనీ ఆ కాగితంలో ఉంది.

కూతురు ఒక ప్యాంటు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. తల్లి ముందు గదిలో మిషను మీద ఒక స్కర్టుకి జిప్పు వేస్తోంది. తల్లికి అక్క కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుడుతోంది. ఆ ముందు గదే వాళ్ళ దుకాణం. రెండు మిషన్లు, కత్తిరించే బల్ల, గోడకి నిలువుటద్దం, వీధిలోకి ఒక తలుపు. ఇరవై రెండేళ్ళుగా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ గదిలోనే కుడుతున్నారు. చెల్లెలు కత్తిరిస్తుంది, మిషను తొక్కుతుంది. అక్క చేతిపని చేస్తుంది. నోటిపని కూడా ఆవిడదే.

"అమ్మా, వీళ్ళు వేరేవాళ్ళవి పంపారు," అని లోపలి నుంచి వినపడింది.

"సైజెంత ఉంది?"

"ముప్ఫై. నా కొలత ఇరవై తొమ్మిది కదా, ఎందుకైనా మంచిదని ఒకటి కలిపి రాశాను. తొడలు దాటి రావట్లేదు."

"ఊపిరి బిగబట్టవే," అంది పెద్దమ్మ. "డ్యూటీ దిగాక తీసుకోవచ్చు."

"పెద్దమ్మా, నువ్వు ఊరుకో."

చిన్నప్పుడు ఒకచోట నిలవదని ఆ పిల్లకి ఇంట్లో బొంగరం అని పేరు పెట్టారు. ఇప్పుడు ఇరవై ఏడేళ్ళు. సిటీ బస్సు నడుపుతుంది. రోజుకి ఎనిమిది గంటలు ఒకే సీట్లో కూర్చుంటుంది.

బొంగరం పాత ప్యాంటు వేసుకుని, కొత్తది చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. పాతదానికి బొత్తాం పెట్టలేదు. పిన్నీసు పెట్టింది. కొత్తదాన్ని కత్తిరించే బల్ల మీద పరిచి, దాని పక్కన ఇంకో పాత ప్యాంటు పరచబోయింది. తల్లి మిషను ఆపి లేచి, కొత్త ప్యాంటు లాక్కుంది.

"ఇటివ్వు, నేను చూస్తాను. నీకు డ్యూటీకి టైమవుతోంది."

"చూడ్డానికేముందమ్మా? పోయిన ఏడు వరకూ నువ్వు కుట్టినవి తొడుగులా పట్టాయి. ఈ ఐదు నెలల్లోనే పిన్నీసు మీద పడ్డాను. ఐదు నెలల్లో మనిషి ఇంత లావెక్కుతుందా?"

తల్లి ప్యాంటుని తిరగేసి కుట్టు చూసింది.

"ఇంకోటి కూడా చెప్పలేదు నీకు. ఐదు నెలలుగా నెలసరి రాలేదు."

అక్క చేతిలో సూది ఆగింది. తల్లి ప్యాంటు నడుం పట్టీ మీద బొటనవేలితో అటూ ఇటూ రాస్తూ నిలబడింది.

"అంతకుముందు?" అంది చివరికి.

"అంతకుముందు కూడా వస్తే వచ్చేది, లేకపోతే లేదు. రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి. బస్సు ఉద్యోగం కదా, అందరికీ అలాగే ఉంటుందన్నారు."

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది తల్లి.

బొంగరం అనుకుంటున్నట్టు ఆ నడుము ఐదు నెలల్లో పెరగలేదు. ఆ సంగతి ప్రపంచంలో తనొక్కదానికే తెలుసనుకుంటోంది తల్లి. ఆవిడ ఇప్పుడు కొత్త ప్యాంటుని మడతపెట్టి, అలమర అడుగున, ఎవరికీ కనపడని చోట పెట్టింది.

ఐదేళ్ళ కిందటి మాట. తండ్రి పోయి ఏడాది దాటింది. ఆయనది చక్కెర జబ్బు, చివరికి కిడ్నీలు తిన్నది. ఆ ఏడాదంతా పిల్ల ఇంట్లోంచి కదల్లేదు. ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందంటే పొద్దున్నే స్కర్టు వేసుకుంది, పక్క జిప్పు పళ్ళు ఊడి చేతిలోకి వచ్చింది. ఇంట్లో ఉన్న చుట్టాల్లో ఒకావిడ, "జిప్పుని అంటావేం, అదెంతకని ఓర్చుకుంటుంది," అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. పిల్ల స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు వెనక ఏడుపు తల్లికి వినపడింది. ఆ ఇంటర్వ్యూకి పిల్ల వెళ్ళలేదు.

బట్ట మనిషికి లొంగాలి గానీ మనిషి బట్టకి లొంగకూడదని తల్లి తన దగ్గర పని నేర్చుకునేవాళ్ళకి చెబుతుంది. ఆ రోజు నుంచి తన పిల్ల విషయంలో ఆ మాటని అక్షరాలా పాటించింది. బొంగరం బట్టలన్నిటికీ కుట్టు లోపల, రెండు పక్కలా, వెనకా గుడ్డ వదిలేది. ఇస్త్రీకి వచ్చినప్పుడు చూసేది. బొత్తాం దగ్గర దారం లాగినట్టుంటే, కుట్టు మీద గీత తేలితే, బ్లేడుతో పాత కుట్టు విప్పి అర అంగుళం వదులు చేసి, అదే రంగు దారంతో మళ్ళీ కుట్టేది. పాత కుట్టు చిల్లులు కనపడకుండా ఆవిరి పట్టి ఇస్త్రీ చేసేది. ఏటా డిపో నుంచి కొత్త గుడ్డ వస్తే ఉన్న నడుముకి కత్తిరించి, "పాత కొలతేనే," అనేది. ప్యాంటు మారినా, ఏడు మారినా, బొంగరం నడుము ఇరవై తొమ్మిదే. పోయిన ఏడు కుట్టిన ప్యాంట్లలో వదిలిన గుడ్డ ఐదు నెలల కింద అయిపోయింది. కొత్త గుడ్డ రాలేదు. పిన్నీసు వచ్చింది.

పాడలవాటు ఒకటుంది తల్లికి. ఎవరి కొలత తీసినా, మార్చినా, తేదీ వేసి పుస్తకంలో రాసుకుంటుంది. కూతురిదీ రాసింది. అర అంగుళం మారినప్పుడల్లా రాసింది.

డాక్టరు యాభై దాటిన మనిషి. బొంగరాన్ని తూకం మీద నిలబెట్టింది, టేపుతో నడుము కొలిచింది. తర్వాత తల్లిని ఐదు నిమిషాలు బయట కూర్చోమంది. మళ్ళీ పిలిచేసరికి బొంగరం నవ్వుతోంది.

"ఏం అడిగారు?" అని తల్లి దాని చెవిలో అడిగింది.

"కడుపేమో అని. పరీక్ష చేశారు, కాదట. టిఫిన్ తినడానికే తీరిక లేదు, అంతవరకూ ఎక్కడండీ అన్నాను."

డాక్టరు కాగితం మీద రాస్తూ అడగడం మొదలుపెట్టింది. గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నాయా? వస్తున్నాయి, ఈ మధ్య ఎక్కువయ్యాయి, పీకేసుకుంటున్నాను. మొటిమలు? ఉన్నాయి. డాక్టరు లేచి వెనక్కి వచ్చి చొక్కా కాలరు వంచి మెడ చూసింది.

"ఈ నలుపు ఎప్పటినుంచి?"

"ఏ నలుపు?" అంది బొంగరం. తన మెడ వెనక తనకి ఎలా కనపడుతుంది?

"అది కాలరు రంగు దిగిందండీ," అంది తల్లి. "డిపో గుడ్డ రంగు నిలవదు. మూడుసార్లు అస్తరు మార్చాను. తెల్లది వేశాను."

డాక్టరు దూదికి స్పిరిట్ అద్ది మెడ మీద గట్టిగా తుడిచి, దూదిని తల్లికి చూపించింది. దూది తెల్లగానే ఉంది.

"రంగు కాదమ్మా ఇది." మళ్ళీ వెళ్ళి కూర్చుంది. "నడుము ముప్ఫై ఏడుంది. ఇది ఎప్పటినుంచి పెరుగుతోంది?"

"ఐదు నెలల నుంచండీ," అంది బొంగరం. "అంతకుముందు ఇరవై తొమ్మిది. నాలుగైదేళ్ళుగా అదే కొలత. మా అమ్మ దర్జీ. నా బట్టలన్నీ ఆవిడే కుడుతుంది. కావాలంటే అడగండి."

డాక్టరు తల్లి వైపు తిరిగింది. "అవునా అమ్మా?"

"అవునండీ," అంది తల్లి.

ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలియదు. ఐదేళ్ళు దాచిన చెయ్యి, నోటిని కూడా తన దారికి తెచ్చుకుంది.

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "చూడమ్మాయ్, ఇవన్నీ ఏళ్ళ మీద మెల్లగా వస్తే ఒక కథ. నెలల్లో వస్తే ఇంకో కథ. ఐదు నెలల్లో ఎనిమిది అంగుళాలు, వెంట్రుకలు, నెలసరి ఆగడం అంటే, అండాశయంలో గానీ కిడ్నీ పైనుండే గ్రంథిలో గానీ గడ్డేమైనా ఉందేమో చూడకుండా నేను వదల్లేను. ఉందని అనట్లేదు. చూడాలి అంటున్నాను. రేపు పరగడుపున రక్తం ఇవ్వు. శుక్రవారం స్కాను."

ఇంటికి బస్సులో వెళ్ళారు. బొంగరం కిటికీ పక్కన కూర్చుంది. ముందు బండి ఆగినప్పుడల్లా పిల్ల కుడికాలు నేలని నొక్కుతోంది. మామూలుగా అయితే బస్సు నడిపేవాడి మీద ఇంటిదాకా వ్యాఖ్యానం నడుస్తుంది. ఆ రోజు ఏమీ అనలేదు. మూడు స్టాపులు దాటాక తల్లి మోచేయి పట్టుకుంది.

"గడ్డంటే భయమేస్తోందమ్మా."

"ఏం ఉండదు."

"నీకెలా తెలుసు?"

తల్లికి తెలుసు. తెలుసని చెప్పాలంటే ఎలా తెలుసో చెప్పాలి.

"పెద్దమ్మకి చెప్పకు," అంది బొంగరం. "ఆవిడ ఏడిస్తే నేను చూడలేను."

తల్లి తల ఊపింది. ఆ చెయ్యి ఇల్లు చేరేదాకా మోచేయి వదల్లేదు.

మర్నాడు బొంగరం రక్తం ఇచ్చి, అటునుంచి అటే డ్యూటీకి వెళ్ళింది. తల్లి దుకాణం తెరిచి ఒక కోటుకి జేబులు వేయడానికి కూర్చుంది. అక్క కొంతసేపు చూసింది.

"ఏమే, పిల్ల సూది పొడిపించుకోవడానికి ఒక్కత్తే వెళ్ళింది. నువ్విక్కడ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నావు. ఏంటి సంగతి?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే ఆ జేబు తలకిందులుగా ఎందుకు కుడుతున్నావు?"

తల్లి చూసుకుంది. జేబు నోరు నేల వైపు ఉంది. బ్లేడు తీసి కుట్టు విప్పడం మొదలుపెట్టి, సగంలో బ్లేడు పక్కన పెట్టేసింది. అంతా చెప్పింది. గడ్డ మాట కూడా చెప్పింది.

అక్క ఏడవలేదు. "నడుం పట్టీ సంగతి నాకు తెలుసు," అంది.

"ఏంటి?"

"హుక్కులు వేసేది నేనే కదే. ఏటా ఆ పట్టీ వేలెడు వేలెడు పెరుగుతుంటే నాకు కళ్ళు లేవా?"

"మరి ఎప్పుడూ అనలేదేం? అందర్నీ అంటావు కదా!"

"నువ్వు దాస్తున్నావు కదా, ఏదో ఉండే ఉంటుందిలే అని నేనూ నోరు కుట్టేసుకున్నాను. జన్మలో ఒక్కసారి నోరు మూసుకుంటే, అది ఇక్కడ పనికొచ్చింది." ఆవిడ సూదిని కుడుతున్న చొక్కా చేతికి గుచ్చింది. "పుస్తకం ఏది?"

"సొరుగులో."

"తీసుకుని నడు. మధ్యాహ్నం బస్సు ఎక్కడ ఆగుతుందో తెలుసుగా. పిల్ల తన ఒంట్లో గడ్డ ఉందని అనుకుంటూ ఊళ్ళోవాళ్ళందర్నీ మోస్తోంది. జేబు నేను కుడతాను."

"అది ఇక నా మొహం చూడదక్కా."

"చూడకపోతే చూడదు. ముందు దాని ప్రాణం కుదుటపడనీ. నీ మొహం ఎక్కడికీ పోదు."

బస్సు ఆఖరి స్టాపులో తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. లోపల ప్రయాణికులు లేరు. బొంగరం డ్రైవరు సీట్లోనే కూర్చుని అన్నం డబ్బా మూత తియ్యకుండా ఒళ్ళో పెట్టుకుని ఉంది. తల్లిని చూసి లేచింది.

"ఏంటమ్మా ఇంత దూరం? రిపోర్టు వచ్చిందా? ఏమన్నారు?"

"రిపోర్టు కాదు. కూర్చో."

తల్లి ముందు సీట్లో కూర్చుని పుస్తకం తీసి, పేజీ తెరిచి ఇచ్చింది. పైన బొంగరం అని రాసి ఉంది. కింద ఎడమవైపు తేదీలు, కుడివైపు అంకెలు. బొంగరం వేలు పెట్టి చదివింది. ఇరవై తొమ్మిది. ఇరవై తొమ్మిదిన్నర. ముప్ఫై. వేలు పేజీ చివరికి వచ్చింది. తిరగేసింది. ముప్ఫై మూడున్నర. ముప్ఫై నాలుగు. వేలు ఆగింది.

"ఇదెవరిది?"

"నీదే."

"ఈ తేదీ మూడేళ్ళ కిందది."

"అవును. ఐదు నెలల్లో రాలేదమ్మా. ఐదేళ్ళలో వచ్చింది. నీకు బిగిసినప్పుడల్లా నేను విప్పి వదులు చేశాను. అర అంగుళం చొప్పున. నీకు చెప్పలేదు."

బొంగరం మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళింది. మళ్ళీ చివరికి వచ్చింది.

"డాక్టరు అడిగితే అవునండీ అన్నావు."

"అన్నాను."

"రాత్రి నేను నిద్రపోలేదు. నువ్వు పక్క మంచం మీదే ఉన్నావు. నేను నిద్రపోలేదని నీకు తెలుసు."

"తెలుసు. నువ్వు ఏడవకూడదనే చేశానే అదంతా. ఆ రోజు జిప్పు—"

"ఏడిస్తే నేనే తుడుచుకునేదాన్ని కదమ్మా!" దాని గొంతు బస్సు చివరిదాకా వెళ్ళింది. తర్వాత తగ్గించింది. "ఇదిగో, ఇక్కడ ఎర్ర దీపం ఉంది చూశావా? ఇంజన్‌లో ఏదైనా తేడా వస్తే వెలుగుతుంది. డ్రైవరు కంగారు పడుతుందేమోనని ఎవరో దాని మీద ప్లాస్టరు అంటించారనుకో. వాళ్ళు డ్రైవరుకి మేలు చేసినట్టా?"

బయట ఇద్దరు ప్రయాణికులు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. బొంగరం గడియారం చూసింది. పుస్తకాన్ని తల్లికి తిరిగి ఇవ్వలేదు, తన సంచిలో పెట్టుకుంది.

"దిగమ్మా. టైమైంది."

తల్లి మెట్టు దిగింది.

"రేపు నువ్వు కూడా రా," అంది బొంగరం అద్దంలోంచి చూస్తూ. "డాక్టరు ముందు నువ్వే చెప్పాలి."

తల్లి చెప్పింది. కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పింది. "మొన్న అబద్ధం చెప్పానండీ," అని మొదలుపెట్టి, జిప్పు దగ్గరనుంచి పిన్నీసు దాకా ఒక్కటీ వదలకుండా చెప్పింది. డాక్టరు మధ్యలో అడ్డు రాలేదు. పుస్తకం తీసుకుని రెండు పేజీలు చదివింది. పక్కన స్కాను కాగితం, రక్తం రిపోర్టు పెట్టుకుని మళ్ళీ చదివింది.

"ఇరవయ్యేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుంటున్నాను. ఎప్పటినుంచి పెరుగుతోందని అడిగితే అందరూ ఏమో అంటారు. అర అంగుళంతో సహా తేదీ వేసి తెచ్చిన మనిషిని ఇవాళే చూస్తున్నాను."

"గడ్డ ఉందాండీ?" అంది బొంగరం.

"లేదు. స్కానులో లేదు, హార్మోన్లు కూడా అంత పైకి పోలేదు. ఇప్పుడీ పుస్తకం కూడా అదే చెబుతోంది. గడ్డలు ఇంత ఓపిగ్గా రావమ్మా."

బొంగరం రెండు చేతులూ మొహం మీద పెట్టుకుంది. తల్లి దాని వీపు మీద చెయ్యి వేయబోయి, వేయలేదు.

"నీకున్నది పీసీఓఎస్. ఆ పేరు వినుంటావు. అసలు గొడవ ఎక్కడుందో చెప్తాను విను. తిన్నది చక్కెరై రక్తంలోకి వస్తుంది. దాన్ని లోపలికి తీసుకోమని ఒంట్లో కణాలనే గదులన్నిటికీ వెళ్ళి తలుపు తట్టేది ఇన్సులిన్. నీ ఒంట్లో ఆ గదులవాళ్ళకి కాస్త చెవుడు. ఒకసారి తడితే తియ్యరు. అందుకని ఒళ్ళు ఇంకా ఇంకా ఇన్సులిన్‌ని పంపుతుంది. ఒకరు తట్టాల్సిన చోట పదిమంది బాదుతారు. చివరికి తలుపు తీస్తారు, చక్కెర లోపలికి పోతుంది. అందుకే చాలాకాలం చక్కెర పరీక్షలో ఏమీ తేలదు. నీ చక్కెర ఇప్పుడే జబ్బు గీత దగ్గరికి వచ్చింది. కానీ పదిమంది తలుపు బాదితే పక్కింట్లో వినపడదా?"

"వినపడుతుంది."

"ఆ పక్కిల్లు అండాశయం. ఆ గోలకి అది మగ హార్మోను అవసరానికి మించి తయారుచేస్తుంది. దానివల్ల గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు. అండం పెరగడం మొదలుపెట్టి సగంలో ఆగిపోతుంది, నెలసరి రాదు. అలా ఆగినవే స్కానులో చిన్న చిన్న బుడగల్లా కనపడతాయి. పేరు చూసి అవే జబ్బు అనుకుంటారు గానీ, అవి గడ్డలు కావు. మెడ మీద నలుపు కూడా ఇన్సులిన్ పనే. అస్తరు మారిస్తే పోదు." ఆవిడ తల్లి వైపు చూసి నవ్వింది. తల్లి నవ్వలేకపోయింది.

"నేను ఎక్కువ తినడం వల్ల వచ్చిందా?" అంది బొంగరం.

"మీ నాన్నకి చక్కెర ఉందన్నావు. పుట్టుకతో కొంత వస్తుంది. ఇన్సులిన్ ఎక్కువైతే నడుము పెరుగుతుంది, నడుము పెరిగితే చెవుడు పెరుగుతుంది. ఏది ముందో ఎవరూ చెప్పలేరు. పుల్లలా ఉన్నవాళ్ళకి కూడా వస్తుంది. ఇది తిండిపోతు జబ్బు కాదు."

"ఆ చివరి మాట మళ్ళీ చెప్పండి."

"ఇది తిండిపోతు జబ్బు కాదు. నీ తప్పు కాదు."

బొంగరం తల ఊపింది. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఎవరి సాయమూ లేకుండా తనే తుడుచుకుంది.

డాక్టరు చీటీ రాసింది. చక్కెర ఉన్నవాళ్ళకిచ్చే మాత్రే, చెవుడు తగ్గించడానికి. మూడు నెలలైనా నెలసరి రాకపోతే తెప్పించడానికి ఇంకో మాత్ర, గర్భసంచి లోపలి పొర మందం కాకుండా. భోజనం అయిన వెంటనే పావుగంట నడక. కడుపు మాడ్చుకోవద్దంది. పూర్తిగా పోయే జబ్బు కాదనీ, చేతిలో పెట్టుకోగలిగే జబ్బనీ చెప్పింది.

"నేను ముందే చెప్పి ఉంటే?" అంది తల్లి.

డాక్టరు పుస్తకం మూసింది. "ముందే మొదలుపెట్టేవాళ్ళం," అంది. "ఇప్పుడైనా ఆలస్యం కాలేదు. రెండూ నిజమే."

ఆ రోజు నుంచి బొంగరం తన బట్టలు తనే ఉతుక్కుంది, తనే ఇస్త్రీ చేసుకుంది. డిపోలో చిన్న ప్యాంట్లు ఇచ్చేసి ముప్ఫై ఎనిమిది తెచ్చుకుంది. తల్లితో మాట్లాడకపోవడం ఏమీ లేదు. అన్నం పెట్టమ్మా అనేది, తలుపు వేసుకో అనేది. బట్టల మాట మాత్రం ఎత్తేది కాదు.

ముప్ఫై ఎనిమిది నడుముకి పట్టింది గానీ, ఆ ప్యాంట్లు కుట్టినవాళ్ళు తాడిచెట్టంత మనిషిని మనసులో పెట్టుకుని కుట్టారు. కాళ్ళు జానెడు ఎక్కువ. బొంగరం వాటిని లోపలికి మడిచి ప్లాస్టరు అంటించుకుని వెళ్ళేది. సాయంత్రానికి ప్లాస్టరు ఊడి ఒక కాలు నేల ఊడ్చేది. ఇంట్లో ఇద్దరు దర్జీలుండగా ఆ పిల్ల వీధిలో అలా నడిచి వెళ్తుంటే తల్లి మిషను మీద తల ఎత్తేది కాదు.

"ఆ కాళ్ళు చూస్తుంటే నా ప్రాణం పోతోందే," అంది అక్క ఒకరోజు. "పడుకున్నప్పుడు తెచ్చి కుట్టేద్దామా?"

"అక్కా!"

"సరదాకన్నానులే."

"అలాంటి సరదాలు వద్దు. అడిగితే కుడతాను. అడక్కపోతే లేదు."

అదే మొదటిసారి, ఆవిడ ఒక బట్టని చూసి చేతులు కట్టుకుని కూర్చోవడం. ఐదేళ్ళ రహస్యపు పనికంటే అది కష్టంగా ఉంది.

వారాలు గడిచాయి. బొంగరం ఆఖరి స్టాపులో డబ్బా తిన్నాక బస్సు చుట్టూ తిరుగుతోందని కండక్టరు చెప్పగా తెలిసింది. మాత్ర మొదట్లో కడుపులో తిప్పింది, తర్వాత సర్దుకుంది. మొదటి నెలలో తెప్పించే మాత్ర వేస్తే నెలసరి వచ్చింది. తర్వాతి నెల రాలేదు. దానికి దిగులు పడిందో లేదో తల్లికి తెలియదు. అడగలేదు.

నాలుగో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, తల్లి బల్ల మీద ఒక కోటు గుడ్డకి సుద్దతో గీతలు గీస్తుంటే బొంగరం యూనిఫాం ప్యాంటు వేసుకుని వచ్చి అద్దం ముందు నిలబడింది.

"కాళ్ళు పొడవున్నాయి," అంది.

కిటికీ దగ్గర అక్క చేతిలో పని మీదకి ఎప్పుడూ వంగనంత వంగింది.

తల్లి సుద్ద కింద పెట్టి చేతులు తుడుచుకుంది. "ఎంత తగ్గించమంటావు?"

"బూటు మీద పడేంత. నడుము ముట్టుకోకు."

"ముట్టుకోను."

"వదులైనా సరే, బిగువైనా సరే. అది నేను చూసుకుంటాను."

"సరే."

తల్లి గుండుసూదుల డబ్బా తీసుకుని నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. ఆరు సూదులు పెదాల మధ్య పెట్టుకుంది. కుడికాలు మడత పెట్టి, బూటు మీదికి చూసి, మొదటి సూది గుచ్చింది. కూతురు చీలమండ ఆవిడ వేళ్ళకి తగిలింది. నాలుగు నెలలైంది దాన్ని తాకి.

"అమ్మా."

"ఊఁ."

"నిన్న వచ్చింది."

తల్లి తలెత్తింది.

"అదే. ఈసారి మాత్ర వెయ్యలేదు. దానంతటదే వచ్చింది. వచ్చే నెల మళ్ళీ ఎగ్గొడుతుందేమో తెలియదు. అలాగే ఉంటుందిట కొన్నాళ్ళు. నీకు చెబుదామనిపించింది."

తల్లి నోటి నిండా సూదులున్నాయి. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఏదో అనబోయింది.

"ఏమీ అనకు," అంది బొంగరం. "మింగేస్తావు."

అక్క ఇక ఆగలేకపోయింది. "ఇరవై రెండేళ్ళలో ఒక్కటీ మింగలేదు మీ అమ్మ. ఇప్పుడు నీ మూలంగా ఆస్పత్రి పాలైతే ఆ కోటు ఎవరు కుడతారే?"

"నువ్వు కుట్టు పెద్దమ్మా. జేబులు బాగా కుడతావట కదా."

బొంగరం నవ్వింది. ఎడమకాలు ఎత్తడానికి ఆసరా కోసం తల్లి భుజం మీద చెయ్యి వేసింది. కాలు కింద పెట్టాక కూడా ఆ చెయ్యి అక్కడే ఉంచింది. తల్లి ఒక్కొక్క సూదీ నోట్లోంచి తీసి, కొలిచి, గుచ్చింది.